బొబ్బిలి నుండి రాష్ట్రపతి భవనం వరకు

1937వ సంవత్సరం మొదట్లో మద్రాసు రాజధానిలో శాసనసభ ఎన్నికలు జరిగాయి. మద్రాసు రాజధాని అంటే ఒక నగరం కాదు. నేటి తమిళనాడులో చాలాభాగం, కోస్తా ఆంధ్ర, రాయలసీమ, మలబారు, దక్షిణ కన్నడ, బళ్ళారి ప్రాంతాలన్నీ అప్పుడు ఒకే పాలన కింద ఉండేవి. ఆ పెద్ద రాష్ట్రాన్ని ఆనాటి ఆంగ్ల ప్రభుత్వం ఆ పేరుతో పిలిచేది. ఆ ఎన్నికలలో జనం ఎక్కువగా చెప్పుకొన్న పోటీలలో ఒకటి విశాఖపట్నం జిల్లా బొబ్బిలిలో జరిగింది.

ఒక పక్షాన నిలిచినవారు బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావుగారు. ఆయన ఆ సీమకు జమీందారు. జస్టిస్ పార్టీ నాయకుడు. 1932 నుండి, నడుమ కొద్ది నెలలు తప్ప, రాష్ట్రానికి ముఖ్యమంత్రి. ఓటర్లలో చాలామంది ఆయన భూములు సాగుచేసే రైతులు, ఆయనకు శిస్తు కట్టేవారు. రెండవ పక్షాన కాంగ్రెసు అభ్యర్థిగా నిలిచినవారు వరాహగిరి వెంకటగిరి. ఆయనకు కోటలు లేవు, జమీ లేదు. వృత్తి న్యాయవాదం. చేసే పని కార్మిక సంఘాల నిర్వహణ.

ఆనాటి ఓటు నేటి ఓటు వంటిది కాదు. వయసు వచ్చినవారందరికీ ఓటుహక్కు ఉండేది కాదు. పన్నులు, శిస్తులు చెల్లించేవారికి, కొంత చదువుకొన్నవారికి మాత్రమే ఆ హక్కు దక్కేది. పేదకూలీకి ఎన్నికల రోజున పోలింగు కేంద్రం దగ్గర పని ఉండేది కాదు. అయితే ఓటున్నవారికి ఒక మంచి రక్షణ ఉండేది. అది ఓటు రహస్యంగా ఉండడం. చదువురానివారి సౌకర్యం కోసం ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క రంగు పెట్టె పెట్టేవారు. కాంగ్రెసుది పసుపుపచ్చ పెట్టె. ఓటరు చాటుకు వెళ్ళి తనకు నచ్చిన పెట్టెలో కాగితం వేసి వచ్చేవాడు. జమీందారు మనుషులు బయట నిలబడి ఉన్నా, లోపల ఏ పెట్టెలో కాగితం పడిందో వారికి తెలిసే దారి లేదు. బొబ్బిలి రైతులకు ఈ చాటు ఎంత ముఖ్యమో ఊహించుకోవచ్చు. శిస్తు వసూలు చేసే దొరను కాదని మరొకరికి ఓటు వేయడం ఆనాడు చిన్న విషయం కాదు.

ఓట్లు లెక్కపెట్టినప్పుడు గిరి గెలిచారు. పదవిలో ఉన్న ముఖ్యమంత్రి, తన సొంత జమీందారీలోనే ఓడిపోయారు. మొత్తం 215 స్థానాలున్న శాసనసభలో కాంగ్రెసుకు 159 వచ్చాయి. పదిహేడేళ్ళుగా రాష్ట్ర రాజకీయాలలో ప్రముఖంగా ఉన్న జస్టిస్ పార్టీ మళ్ళీ కోలుకోలేదు. రాజావారి ప్రజాజీవితం మాత్రం అంతటితో ముగియలేదు. తరువాతి కాలంలో భారత రాజ్యాంగ పరిషత్తులో ఆయన కూడా సభ్యులుగా ఉన్నారు.

ఇంతకూ ఈ గిరి ఎవరు? ఎక్కడివారు?

1894 ఆగస్టు 10వ తేదీన బరంపురంలో ఒక తెలుగు కుటుంబంలో ఆయన జన్మించారు. బరంపురం అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు బరంపురం అందులో చేరింది. కాబట్టి గిరి బొబ్బిలిలో పోటీ చేసేనాటికి ఆయన పుట్టిన ఊరు ఒక రాష్ట్రంలో, ఆయన ఓట్లడిగిన ఊరు మరొక రాష్ట్రంలో ఉన్నాయి. సరిహద్దు గీత ఇంటి మీదుగా వెళ్ళినా ఇంటి భాష మారదని బరంపురం తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. తండ్రి జోగయ్య పంతులుగారు పేరున్న న్యాయవాది, కేంద్ర శాసనసభలో కూడా సభ్యులుగా ఉన్నారు. తల్లి సుభద్రమ్మగారు సహాయ నిరాకరణోద్యమంలో పాల్గొన్నారు.

బరంపురంలోని కళ్ళికోట కళాశాలలో చదివిన తరువాత, 1913లో గిరి న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లాండు రాజధాని డబ్లిన్ వెళ్ళారు. ఐర్లాండు కూడా అప్పుడు ఆంగ్లేయుల ఏలుబడిలోనే ఉండేది. అక్కడి స్వాతంత్ర్య వీరులతో ఆయనకు స్నేహం కలిగింది. 1916లో డబ్లిన్‌లో తిరుగుబాటు జరిగింది. ఆ వెంటనే దేశం విడిచి వెళ్ళవలసిందని గిరికి ఉత్తరువు వచ్చింది. తిరిగివచ్చి బరంపురంలో న్యాయవాదిగా పనిచేశారు. స్వాతంత్ర్యోద్యమంలో చేరారు, జైలుకు వెళ్ళారు.

రైలు కార్మికుల సమస్యలే ఆయనను ప్రజానాయకుణ్ణి చేశాయి. కలకత్తా నుండి బరంపురం మీదుగా వాల్తేరు వరకు నడిచే రైలుమార్గం అప్పట్లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీది. ఆ కంపెనీ కార్మికులను గిరి సంఘంగా కూడగట్టారు. 1926లో అఖిలభారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు, 1931లో లండనులో జరిగిన రెండవ రౌండ్‌టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. ఇదంతా బొబ్బిలికి ముందరి కథ.

బొబ్బిలి గెలుపు తరువాత వెంటనే మంత్రి పదవి రాలేదు. గవర్నరు తన ప్రత్యేకాధికారాలతో మంత్రుల పనిలో జోక్యం చేసుకోనని చెప్పేవరకు ప్రభుత్వం ఏర్పరచరాదని కాంగ్రెసు పట్టుబట్టింది. ఆ మూడున్నర నెలలు కూర్మా వెంకటరెడ్డినాయుడుగారి తాత్కాలిక మంత్రివర్గం నడిచింది. 1937 జులైలో చక్రవర్తి రాజగోపాలాచారిగారు ప్రభుత్వం ఏర్పరచినప్పుడు, గిరి కార్మిక, పరిశ్రమల శాఖల మంత్రి అయ్యారు. నిన్నటిదాకా సమ్మెలు నడిపిన మనిషి ఇప్పుడు సమ్మెలు తీర్చవలసిన కుర్చీలో కూర్చున్నారు. యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకొని రాజీకి రావాలి. ప్రభుత్వం బలవంతంగా తీర్పు రుద్దరాదు అన్నది ఆయన పద్ధతి. తరువాతి కాలంలో దీనికి ‘గిరి విధానం’ అన్న పేరే వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధంలోకి భారతదేశాన్ని అడగకుండా దింపినందుకు నిరసనగా 1939లో కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. 1946లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో గిరి మళ్ళీ కార్మిక మంత్రి అయ్యారు. ఆ ప్రభుత్వం ఏడాదికి మించి సాగలేదు. 1947లో సింహళానికి భారత హైకమిషనర్‌గా వెళ్ళడంతో ఆయన రాష్ట్ర శాసనసభ జీవితం ముగిసింది.

స్వతంత్ర భారతంలో తొలి సాధారణ ఎన్నికలు 1952లో పూర్తయ్యాయి. ఇరవై ఒక్క సంవత్సరాలు నిండిన ప్రతి స్త్రీకి, ప్రతి పురుషునికి ఓటు వచ్చింది. గిరి పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. పాతపట్నం ఒరిస్సా సరిహద్దులో, పర్లాకిమిడికి ఎదురుగా ఉన్న ఊరు. జవహర్‌లాల్ నెహ్రూ ఆయనను కేంద్ర కార్మిక మంత్రిగా తీసుకొన్నారు. రెండేళ్ళు గడిచాక బ్యాంకు ఉద్యోగుల జీతాల వివాదం వచ్చింది. ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా మార్చింది. కార్మిక మంత్రిగా ఉండి దానిని సమర్థించడం తన వల్ల కాదని గిరి 1954లో రాజీనామా చేశారు. పదవిలో ఉండి సర్దుకుపోవడం అందరికీ తెలిసిన విద్యే. ఆయన ఆ విద్య నేర్వలేదు.

1957లో పార్వతీపురం నుండి పోటీ చేశారు. ఈసారి ఓడిపోయారు. ఆ ఓటమి వెనుక ఉన్న చిక్కు కొంచెం నిదానంగా తెలుసుకోవలసినది.

అప్పట్లో కొన్ని నియోజకవర్గాలకు ఇద్దరేసి సభ్యులుండేవారు. ఒక స్థానం షెడ్యూల్డు కులాలకో, తెగలకో కేటాయించినది. రెండవది సాధారణ స్థానం. ప్రతి ఓటరుకు రెండు ఓట్లు. ఆ రెండింటినీ ఇద్దరు అభ్యర్థులకు వేరువేరుగా వేయాలి కాని, రెండూ ఒకరికే వేయడానికి వీలులేదు. లెక్కింపులో మొదట రిజర్వు స్థానం తేల్చేవారు. ఆ స్థానానికి అర్హులైనవారిలో అందరికంటె ఎక్కువ ఓట్లు వచ్చినవారికి అది దక్కేది. ఆ తరువాత మిగిలిన అభ్యర్థులందరిలో ఎవరికి ఎక్కువ వస్తే వారికి రెండవ స్థానం.

పార్వతీపురం ఇటువంటి ద్విసభ్య నియోజకవర్గం. కొండలలో, మన్యంలో గిరిజనులు ఎక్కువగా ఉండే ప్రాంతం కనుక ఒక స్థానం షెడ్యూల్డు తెగలకు ఉంచారు. ఓట్లు లెక్కిస్తే బిడ్డిక సత్యనారాయణగారు మొదట వచ్చారు. డిప్పల సూరి దొరగారు రెండవవారు. గిరి మూడవవారు. మొదటి ఇద్దరూ గిరిజనులే. సత్యనారాయణగారికి రిజర్వు స్థానం వెళ్ళింది. మిగిలినవారిలో ఎక్కువ ఓట్లున్న సూరి దొరగారు సాధారణ స్థానానికి ఎన్నికైనట్లు ప్రకటించారు. లక్షకు పైగా ఓట్లు తెచ్చుకొన్న గిరికీ, సూరి దొరగారికీ నడుమ తేడా వేయి ఓట్లు కూడా లేదు.

రిజర్వు స్థానం కోసం నామినేషన్ వేసిన అభ్యర్థికి సాధారణ స్థానం ఇవ్వడం చెల్లదని గిరి వాదించారు. వివాదం చివరికి సుప్రీంకోర్టుకు చేరింది. 1959లో న్యాయస్థానం ఆ వాదాన్ని అంగీకరించలేదు. రిజర్వు స్థానం గిరిజనులకు కనీసపు హామీ మాత్రమే. సాధారణ స్థానం అందరిదీ, ఆ ‘అందరి’లో గిరిజనులు కూడా ఉన్నారు అన్నది ఆ తీర్పు సారాంశం. సూరి దొరగారి ఎన్నిక నిలిచింది. దేశమంతా పేరున్న నాయకుడు ఓడాడన్న విచారం ఒక ప్రక్క ఉండవచ్చు. కాని మన్యం మనిషికి సాధారణ స్థానం మీద కూడా సమానమైన హక్కు ఉన్నదని ఈ దావా వల్లనే దేశానికి స్పష్టంగా తెలిసింది. ఆ మేలు చిన్నది కాదు. ఓటర్లకు, అధికారులకు కూడా తికమకగా ఉన్న ఈ ద్విసభ్య పద్ధతిని పార్లమెంటు 1961లో చట్టం చేసి రద్దు చేసింది. నేడు ఒక నియోజకవర్గానికి ఒక్కరే సభ్యులు.

ఓటమి తరువాత గిరి ఉత్తరప్రదేశ్‌కు, కేరళకు, మైసూరుకు వరుసగా గవర్నరుగా పనిచేశారు. 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ అకస్మాత్తుగా మరణించడంతో తాత్కాలికంగా ఆ బాధ్యతలు చేపట్టారు.

అసలు పోటీ అప్పుడు మొదలయింది. కాంగ్రెసు పార్టీ తన అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డిగారిని నిలబెట్టింది. ఆయన అనంతపురం జిల్లా ఇల్లూరువారు, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, అప్పటికి లోక్‌సభ స్పీకరు. గిరి తన పదవులకు రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా రంగంలోకి దిగారు. మూడవ ముఖ్య అభ్యర్థి పూర్వపు ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్. ఆయన మహారాష్ట్రులు. అయితే ఆయన సతీమణి దుర్గాబాయమ్మగారు తెలుగింటి ఆడపడుచే. ముగ్గురు ముఖ్య అభ్యర్థులలో ఇద్దరు తెలుగువారు, మూడవవారు తెలుగువారి అల్లుడు! ఇటువంటి ఎన్నిక దేశంలో మరొకటి లేదు. ఇంతలో ప్రధానమంత్రి ఇందిరాగాంధీకీ, పార్టీ పెద్దలకూ మధ్య విభేదాలు ముదిరాయి. తమ అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయవలసిందని ఆమె పిలుపునిచ్చారు. అంటే పార్టీ అభ్యర్థికే వేయాలన్న కట్టుబాటు లేదని అర్థం.

రాష్ట్రపతిని ప్రజలు నేరుగా ఎన్నుకోరు. పార్లమెంటు ఉభయసభలలో ఎన్నికైన సభ్యులు, రాష్ట్రాల శాసనసభలలో ఎన్నికైన సభ్యులు ఎన్నుకొంటారు. అయితే శాసనసభ్యులందరి ఓటుకూ ఒకే విలువ ఉండదు. రాష్ట్ర జనాభాను ఎన్నికయ్యే శాసనసభ్యుల సంఖ్యతో భాగించి, వచ్చినదానిని మళ్ళీ వేయితో భాగిస్తారు. అది ఒక్కొక్క సభ్యుని ఓటు విలువ. 1971 జనాభా లెక్కల ఆధారంగా 2022 ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుని ఓటు విలువ 159, తెలంగాణకు 132, కర్ణాటకకు 131, తమిళనాడుకు 176, మహారాష్ట్రకు 175, ఒడిశాకు 149. పుదుచ్చేరి సభ్యునికి 16 మాత్రమే. ఆ పుదుచ్చేరి సభలోని 30 మంది ఎన్నికైన సభ్యులలో యానాం ప్రతినిధి ఒకరు. 1969లో మాత్రం పుదుచ్చేరి శాసనసభ్యులకు రాష్ట్రపతి ఎన్నికలో ఓటే లేదు. 1992లో చేసిన రాజ్యాంగ సవరణ వల్ల ఆ హక్కు వచ్చింది.

ఓటు వేసే విధానం కూడా వేరు. సభ్యుడు ఒక్కరికే గుర్తు వేసి ఊరుకోడు. తనకు ఎక్కువ ఇష్టమైనవారికి 1 అని, తరువాతివారికి 2 అని అంకెలు వేస్తాడు. చెల్లిన ఓట్లలో సగం కంటె ఎక్కువ ఎవరికైనా వస్తే వారే గెలిచినట్లు. రాకపోతే అందరికంటె తక్కువ వచ్చిన అభ్యర్థిని తొలగించి, ఆయన కాగితాల మీద రెండవ ప్రాధాన్యం ఎవరికి ఉంటే వారికి వాటిని కలుపుతారు. ఒకరు సగం దాటేవరకు, లేదా చివరకు ఒక్కరే మిగిలేవరకు ఇలా సాగుతుంది.

1969 ఆగస్టు 16న పోలింగు, 20న లెక్కింపు. గెలవడానికి కావలసిన విలువ 4,18,169. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌గారికి 1,12,769 వచ్చాయి. మిగిలిన అభ్యర్థులకు వచ్చినవి చాలా స్వల్పం. గిరి ముందున్నారు. కాని గెలవడానికి ఇంకా 16,654 కావాలి. చిన్న అభ్యర్థులను తొలగించారు, చివరకు దేశ్‌ముఖ్‌గారిని తొలగించారు. ఆయన కాగితాలు తిరగేస్తూ ఉంటే రెండవ ప్రాధాన్యాలు ఎక్కువగా సంజీవరెడ్డిగారికే ఉన్నాయి. బదిలీలన్నీ కలిపి రెడ్డిగారికి 91,879 చేరితే గిరికి చేరినవి 18,562 మాత్రమే. అయినా ఆ 18,562 సరిపోయాయి. చివరి లెక్కలో గిరికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427. కావలసినదానికంటె గిరికి ఎక్కువగా వచ్చినది 1,908.

ఈ తేడా ఎంత సన్ననిదో తెలియాలంటే మరొక లెక్క చూడాలి. ఆనాడు ఒక్కొక్క పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576. ఇద్దరి మధ్య తేడా 14,650. గిరి వైపున్న సభ్యులలో పదముగ్గురు రెడ్డిగారి వైపు మారి ఉంటే ఫలితం తారుమారయ్యేది. రాష్ట్రపతి ఎన్నికలో మొదటి ప్రాధాన్య ఓట్లతో ఫలితం తేలక రెండవ ప్రాధాన్యాలు లెక్కించవలసి వచ్చిన సందర్భం ఇదొక్కటే. స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి రాష్ట్రపతి అయినవారు కూడా ఆయన ఒక్కరే.

ఎన్నికకు ముందు సంజీవరెడ్డిగారిని కించపరుస్తూ ఒక కరపత్రం సభ్యులకు అందింది. దానిని కారణంగా చూపి, ఈ ఎన్నిక చెల్లదని కొందరు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. రాష్ట్రపతి కోర్టుకు రానవసరం లేకుండా ఆయన ఉన్నచోటనే వాంగ్మూలం తీసుకొనే ఏర్పాటు చేయవచ్చు. గిరి అలా కోరలేదు. స్వయంగా న్యాయస్థానానికి వచ్చి సాక్ష్యం చెప్పారు, ప్రశ్నలకు జవాబులిచ్చారు. కరపత్రం పంచడం నిజమే అయినా అది గిరి సమ్మతితో జరిగిందని రుజువు కాలేదని 1970లో న్యాయస్థానం పిటిషన్లను కొట్టివేసింది. పార్వతీపురం ఓటమి తరువాత దావా వేసిన మనిషి, ఈసారి తన గెలుపు మీద వచ్చిన దావాలో బోనెక్కారు.

ఆయన 1974 ఆగస్టు వరకు రాష్ట్రపతిగా ఉన్నారు. 1975లో భారతరత్న బిరుదు వచ్చింది. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. ఇక 1969లో ఓడిపోయిన సంజీవరెడ్డిగారు 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతిగా ఎన్నికయ్యారు. 1980 జూన్‌లో గిరి మద్రాసులో కన్నుమూసేనాటికి రాష్ట్రపతి భవనంలో ఉన్నది ఆ సంజీవరెడ్డిగారే.